వదిన కూర్చున్న తీరు

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగి మూడు వారాలైంది. అమెరికా వాళ్లను ఇల్లిల్లూ వెతికి పట్టుకుపోతున్నారు. బ్నీద్ అల్ గార్ పేటలో మా పైఅంతస్తులో ఉండే నర్సు లోరెటా అమెరికా మనిషే. యాభై ఏళ్లుంటాయి. నల్లగా, మా రాయచోటి వాళ్లలాగే ఉంటుంది. నా భార్య జైతున్‌బీ ఆమెకు తన చీర కట్టించి, ముసుగు వేసి, మా ఇంట్లో దాచింది. ఎవరడిగినా తన అక్క అనీ, పుట్టు చెవుడు, మూగ అనీ చెప్పాలి. ఐదు పూటలా నమాజు చేసే నేను ఈ అబద్ధం ఆడవచ్చా అని అల్లాను అడిగాను. వద్దని అనిపించలేదు.

భయమల్లా ఒకటే. వెనక నుంచి ఎవరైనా అరిస్తే ఆమె ఉలిక్కిపడుతుంది. అంతటితో ముగ్గురమూ దొరికిపోతాం. అందుకని నేనే సిపాయిలా అరిచి అలవాటు చేయబోయాను.

"ఏం అరుపయ్యా అది, మేకను పిలుస్తాండావా? జరుగు" అంది జైతున్‌బీ. లోరెటా చెవి దగ్గర వంగి, తనకు వచ్చిన తిట్లన్నీ తిట్టింది. లోరెటా రెప్ప వేయలేదు. అంతా అయ్యాక నవ్వి, ఆస్పత్రిలో మన దేశపు నర్సుల దగ్గర నేర్చుకున్న హిందీలో చెప్పింది.

"అల్లాబకష్ భాయ్, ఇది నేను ఇరవయ్యేళ్లప్పుడే నేర్చుకున్నాను. మా ఊరి హోటల్లో నల్లవాళ్లను కూర్చోనిచ్చేవాళ్లు కాదు. కాలేజీ పిల్లలం వెళ్లి కూర్చున్నాం. అక్కడ తెల్లవాళ్లు ఏం చేసినా కదలకూడదని, ముందు చర్చిలో మా వాళ్లే మమ్మల్ని తిట్టి, జుట్టు లాగి అలవాటు చేశారు."

"మీవాళ్లే తిట్టినారా?" అన్నాను.

"మా పిన్ని అందరికంటే బాగా తిట్టేది. జైతున్ కంటే కూడా."

జైతున్‌బీ మూతి ముడుచుకుంది.

మరునాడు పొద్దున ఇద్దరు సిపాయిలు వచ్చారు. లోరెటా చాప మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేను నేర్చిన మాటలు అరబ్బీలో చెప్పాను. ఒకడు నమ్మలేదు. మెల్లగా ఆమె వెనక్కి నడిచి, చెవి పక్కన ఇంగ్లీషులో గట్టిగా అరిచాడు. నేను అదిరిపడ్డాను. జైతున్‌బీ చేతిలో గ్లాసు జారి పగిలింది.

లోరెటా ఒక రాయి ఏరి పక్కన పెట్టింది. తర్వాత ఇంకొకటి.

"యల్లా, పద" అని విసుక్కుంటూ వాడు రెండోవాడితో మెట్లు దిగిపోయాడు. బూట్ల చప్పుడు వీధిలో కలిసిపోయాక జైతున్‌బీ ఆమెను వాటేసుకుంది.

"గెలిచినావక్కా."

మధ్యాహ్నం నమాజులో ఆ అబద్ధానికి క్షమించమని అడగాలనుకున్నాను. నోట కృతజ్ఞతలే వచ్చాయి. లేచి వచ్చి చాప మీద కూర్చున్నాను.

"వదినా, ఆ హోటలోళ్లు ఆఖరికి కూర్చోనిచ్చినారా?"

"ఆరు నెలలకు. కాఫీ కూడా ఇచ్చారు."

"ఎట్లుండె?" అంది జైతున్‌బీ.

"మురికినీళ్లలా ఉంది. అయినా దర్జాగా రెండో కప్పు తెప్పించుకున్నాను."

జైతున్‌బీ లేచి టీ పెట్టింది. వదిన అడక్కముందే రెండో గ్లాసు కూడా పోసింది.