వలగుడారంలో పెళ్ళిచూపులు

వాసనలేని సబ్బుతో మోచేతులదాకా రుద్దుకుని, ఆ చేతుల్ని ఒకసారి ముక్కు దగ్గర పెట్టి చూసుకుని, పేరయ్య వలగుడారంలోకి దూరాడు. అసలు పేరది కాదు. పండుఈగల జంటలు లెక్కపెట్టే ఉద్యోగంలో చేరిన నాడే తోటివాళ్ళు పెళ్ళిళ్ళ పేరయ్యను చేసేశారు. సువాసన సోకితే ఈగల నడవడి మారిపోతుంది. అందుకే ఆయన సెంటు ఎరుగడు. కూతురి పెళ్ళిలో వియ్యంకుడు సీసా ఎత్తితే వెనక్కి గెంతాడు. "పక్కన నిలబడ్డా మనిషున్నట్టు తెలీదు కదండీ మీరు!" అని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

గుడారం నడుమ చిన్న నిమ్మచెట్టు. ఆకులమీద, తోటనుంచి తెచ్చిన ఆడఈగలు. వాటికోసం రెండు జట్ల మగఈగలు: ఒకటి తోటది, రెండోది పెంపకశాలలో పుట్టి, వీపున గులాబీపొడి అద్దించుకున్నది. కిరణాలు సోకించి సంతానం కలగకుండా చేసిన ఈ మగఈగలను తోటల్లో వదిలితే, వాటితో కలిసిన ఆడవాటి గుడ్లు పొదగవు, పండు దక్కుతుంది. ఆడది ఒప్పుకుంటేనే సుమా!

ఈ గులాబీ జట్టు, ఒకనాడు పుచ్చు జామకాయల్లోంచి పేరయ్య స్వయంగా ఏరితెచ్చిన పురుగుల వంశం. తరతరాలుగా కిక్కిరిసిన పెట్టెల్లో పెరిగి, బతిమాలడం మరిచింది. తోటవాడు ఆకుకింద నిలిచి రెక్కలు విసురుతాడు, తల ఊపుతాడు, ఆగుతాడు, మళ్ళీ విసురుతాడు. గులాబీవాడు ఒక్క విసురు విసిరి మీదికి దూకుతాడు. ఆడది విదిల్చుకుని ఎగిరిపోతుంది.

ఇవాళ్టి పరీక్ష తప్పితే ఈ వంశాన్ని ఆపేసి కొత్తది తెస్తారు. మధ్యాహ్నానికి, గట్టెక్కడానికి గులాబీవాళ్ళ జంట ఇంకొక్కటి తక్కువైంది. చివరిజంట కొమ్మచాటున దొరికింది. గాజుగొట్టంలో పట్టాడు.

"మనవాడేనా, పేరయ్యగారూ?" వల అవతల కూర్చుని లెక్క రాసుకుంటున్న అధికారిణి అడిగింది. "మీరు ఊఁ అనండి చాలు, రాసేస్తా."

భూతద్దంలో చూశాడు. వెలుగుకు తిప్పి మళ్ళీ చూశాడు. వీపున పొడి నలుసైనా లేదు. ఊఁ అన్నమాట నోటిదాకా వచ్చింది. కానీ ఊఁ అనేస్తే, రేపు తోటల్లో కూడా వీళ్ళు ఇలాగే దూకుతారు, కాయలు పుచ్చిపోతాయి.

"కాదమ్మా," అన్నాడు. "పిల్ల బయటి సంబంధమే చేసుకుంది."

సాయంత్రం, కిరణాలు సోకించకుండా సంతానంకోసం ఉంచిన వంశపుపెట్టెను, చలికి చంపేందుకు శీతలగదిలోకి తోయబోతుంటే ఆమె అడ్డొచ్చింది.

"ఇంకెవరికైనా చెప్తాలెండి."

"నేను తెచ్చినవాళ్ళేగా తల్లీ. నేనే సాగనంపుతా."

రొద సన్నబడింది, నలిగింది, ఆగింది. పేరయ్య తలుపు మూసి ఇంటిదారి పట్టాడు.

పెట్టె ఉన్నచోట నీళ్ళతొట్టి ఒకటి మిగిలింది. పొద్దున పెట్టెలోని ఆడవి వలకంతల్లోంచి రాల్చిన గుడ్లు దాని అడుగున తెల్లని నూకలా పేరుకుని ఉన్నాయి.