డబ్బాలో రెండో రకం

బంగారు రంగు డబ్బాలో ఉన్నది రెండో రకం ఆకని మొదటి చెంచాకే నాలుక చెప్పేసింది. టీ రుచి చూసే గుమాస్తా దాన్ని ఉమ్మేసి, నోరు పుక్కిలించి, మళ్ళీ చప్పరించాడు. సందేహం లేదు. నెల జీతం పోసి కొనే డబ్బాలో, కూలీలకు నెలనెలా ఊరికే ఇచ్చే పొట్లంలోని ఆకు.

ఇరవై ఆరేళ్ళుగా అతను ఆకును డబ్బాకెక్కకముందే రుచి చూస్తున్నాడు. మూతపడ్డాక చూసే పని ఎవరికీ లేదు. సొట్టపడి వెనక్కొచ్చిందని ఇవాళ ఒకటి విప్పాడు. తన ఖర్మ.

"సాయంత్రంలోగా ఇది ఎవరి పనో తేలాలి," అన్నాడు యజమాని. "లేదంటే ప్యాకింగ్ ఆడవాళ్ళు ముగ్గురినీ పంపించేస్తాను."

గుమాస్తా గొణుక్కుంటూ మెట్లు దిగాడు.

"చప్పరింపుల బాబాయి వచ్చాడే," అని ముగ్గురూ నవ్వుకున్నారు.

"నవ్వింది చాల్లే. మీ పొట్లం టీ ఎలా ఉంటోంది?"

"నాలుగు నెలల్నుంచీ కమ్మగా ఉంటోంది బాబాయ్."

"మరి చెప్పరేం?"

"చెబితే ఊరుకుంటారా? మాన్పించేస్తారు."

అతనికి ఒళ్ళు మండింది. నాలుగు నెలలు. కొన్నవాళ్ళలో ఒక్కరూ నోరెత్తలేదు సరికదా, పరిమళం అద్భుతమని ఉత్తరాలు రాశారు. మరి తను ఇన్నేళ్ళూ ఎవరికోసం చప్పరించినట్టు?

వాళ్ళ ఉద్యోగాలు పోయే సంగతి చెప్పాడు. నవ్వులు ఆగిపోయాయి.

మూలన తూకం తాత ఇత్తడి గరిటెతో ఆకు తీస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా త్రాసు మీదికి వంగీ వంగీ ఎడమ భుజం జారిపోయింది. ముల్లు చూడకుండానే చెయ్యి సరిగ్గా ఆగుతుంది. అంకెలు తప్ప అతని నోట మాట విన్నవాళ్ళు తక్కువ. ఉద్యోగాలు పోతాయన్న మాట విని గరిటె దించాడు. ఏప్రన్ విప్పి, నాలుగు మడతలు పెట్టి, మెట్లెక్కాడు. గుమాస్తా వెనకే వెళ్ళాడు.

యజమాని ఎదుట తాత కూర్చోలేదు.

"ఆ ఆడపిల్లల జోలికి పోకండి బాబూ. పొట్లాల ఆకు డబ్బాల్లోకీ, డబ్బాల ఆకు పొట్లాల్లోకీ మార్చింది నేనే. కోసేవాళ్ళకు కూలి పెంచమని అడిగితే, కూలి పెంచితే టీ రుచి పెరుగుతుందా అన్నారు మీరు. పెరగదు, నిజమే. మరి రుచి తగ్గితే ధరన్నా తగ్గుతుందేమో చూద్దామనుకున్నా. మీరు రెండుసార్లు పెంచారు. కోసినవాళ్ళు మాత్రం తాము కోసేదేమిటో నాలుగు నెలలు తాగి చూశారు. నేను ఒక్క ఆకు కూడా ఇంటికి పట్టుకెళ్ళలేదు. వెళ్ళొస్తా. మీ గరిటె త్రాసులోనే ఉంది."