వల కన్ను

నాగాయలంక అవతలి పల్లెలో పోలమ్మ నోరెంత పెద్దదో, ఆమె వల కన్ను అంత చిన్నది. దోమతెర గుడ్డతో కుట్టుకున్న వల అది. పాయలో నడుములోతు నీళ్లలో లాగి, పడినదంతా తెల్ల పింగాణీ పళ్లెంలో పోసి, దారప్పోగుల్లాంటి టైగర్ రొయ్య పిల్లల్ని ఆల్చిప్పతో ఏరేది. మిగిలినదాన్ని ఇసుకలో కుమ్మరించేది. పల్లెలో ఆడవాళ్లందరూ చేసేదీ అదే. రొయ్యల చెరువుల వాళ్లు ఆ పిల్లల కోసం ఎగబడుతున్న రోజులవి. మొగుణ్ణి సముద్రం మింగాక పోలమ్మ ఇల్లు గడిచిందీ, కూతురు నాగమల్లేశ్వరి బందరు కాలేజీలో డిగ్రీ చదువుతున్నదీ ఆ వల మీదే.

ఆ వేసవిలో పాయ గట్టున మీటింగు పెట్టారు. బందరు నుంచి వచ్చిన మత్స్యశాఖ ఆఫీసరు మంచివాడే కానీ, ఆయన తెలుగులో సగం ఇంగ్లీషే. మెష్ చిన్నదైతే నష్టమనీ, మెష్ పెంచాలనీ చాలాసేపు చెప్పాడు. పోలమ్మ పక్కన కూర్చున్న పున్నమ్మ అదేదో చెరువుల్లో చల్లే మందనుకుంది. రొయ్యలకు కొత్త తెగులు వచ్చిందేమోనని పోలమ్మకు గుండె గుభేలుమంది.

సెలవులకు వచ్చిన నాగమల్లేశ్వరి లేచి, మెష్ అంటే వల కన్నేనని, దారానికీ దారానికీ మధ్య ఉండే సందని చెప్పింది. పోలమ్మ చుట్టూ ఉన్నవాళ్ల వంక గర్వంగా చూసింది. ఆఫీసరు ముచ్చటపడి, ఏదైనా వల చూపించి అందరికీ విడమరచి చెప్పమన్నాడు.

ఆ పిల్ల తిన్నగా ఇంటికెళ్లి తల్లి వలనూ పళ్లేన్నీ తెచ్చింది. పాయలో ఒక్కసారి లాగి, పడినదాన్ని పళ్లెంలో పోసి జనం మధ్య పెట్టింది. టైగర్ పిల్లలు రెండో మూడో ఉన్నాయి. మిగతాదంతా చూపుకి ఆనీ ఆనని ప్రాణాలే.

"ఇయ్యన్నీ పండుగప్ప, కొయ్యింగ చేపల పిల్లలు, పీత పిల్లలు. ఈ కన్నులోంచి ఒక్కటీ తప్పించుకోలేదు. ముందు ముందు మన వలల్లో పడాల్సినయ్యి ఇయ్యే."

ఊరి పెద్ద పెద్దిరాజు గొంతు సవరించుకుని, అయితే ఈ వలలు ఆపేయమంటావా అని అడిగాడు. నాగమల్లేశ్వరి తల్లి వైపు చూడకుండానే ఆపాలంది.

పోలమ్మకు ఒళ్లు మండిపోయింది. నలుగురిలో తల కొట్టేసినట్టయింది. విసురుగా లేచి కూతురి ముందుకొచ్చింది.

"నిన్ను చదివించింది ఈ వలేనే."

"తెలుసమ్మా. అందుకే ఇంకోళ్ల వల తేబుద్ధి కాలేదు."

పోలమ్మ తిట్ల కోసం ఊరంతా చెవులప్పగించి కూర్చుంది. ఆమె మాత్రం పళ్లెంకేసి చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్లలో అందులో రొయ్య పిల్లల్ని తప్ప మరి దేన్నీ చూసి ఎరగదు. రేపు పొయ్యి ఎలా వెలిగించాలో తోచక ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని పళ్లెం ఎత్తుకుంది, చీర కుచ్చెళ్లు దోపుకోకుండానే పాయలోకి దిగింది. నడుములోతుకు వెళ్లి, పళ్లేన్ని మెల్లగా నీళ్లలో ముంచింది.

టైగర్ పిల్లల్ని కూడా ఏరుకోలేదు.