బుల్లోడు మనసుపడ్డ చెంచా

నేను ఒక చెంచాను. అదీ తిన్నగా ఉన్న చెంచాను కాదు. నా రెండు అంచులూ పైకి మడిచి ఉంటాయి. చూసినవాళ్ళు ఎవరో తొక్కేశారనుకుంటారు. తొక్కలేదు, కావాలనే వంచారు. నన్నడిగి వంచలేదు. ఈ ఇంట్లో నన్నడిగి చేసిన పని ఒక్కటంటే ఒక్కటి లేదు.

పుట్టుక గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. స్టీలు రేకులోంచి ఒక్క దెబ్బకి తెగిపడ్డాను. ఇంకో దెబ్బకి గుంట పడింది. కాకినాడ మెయిన్ రోడ్డులో గిన్నెల కొట్టుకి డజను లెక్కన దారం కట్టుకుని వచ్చాం. ఎవరో గృహప్రవేశానికి పంచిపెట్టడానికి మమ్మల్ని కొని కాడల మీద పేర్లు చెక్కించారు. నా కాడ మీద ఇప్పటికీ ముక్కూమొహం తెలియని దంపతుల పేర్లే ఉన్నాయి. వాళ్ళ ఇల్లు నేను సరిగ్గా చూడనైనా లేదు. పసుపూ కుంకుమా అరటిపండుతో కలిసి సీతారత్నం సంచిలో పడి, ఆవిడ ఉండే రెండో అంతస్తు వాటాకి వచ్చేశాను.

సీతారత్నం ఇంట్లోనే చీరలకి ఫాల్స్ కుడుతుంది. మొగుడు గవర్రాజు బస్సు డిపోలో మెకానిక్కు. నేనొచ్చిన ఆరు నెలలకి ఆవిడ అట్టపెట్టెలో నాలుగు కాకటీల్ చిలక పిల్లల్ని తెచ్చుకుంది. ఈకలు రాలేదు, మెడలు నిలవడం లేదు. చేత్తో తినిపించి పెంచితే మనిషికి బాగా మాలిమి అవుతాయని అమ్మినవాడు చెప్పాడట. చెంచా అంచులు మడిస్తే పిల్ల ముక్కు అందులో ఇముడుతుందని ఫోనులో చూశారు. డబ్బాలో ఇరవై చెంచాలుండగా ఆవిడ చెయ్యి నా మీదే పడింది. గవర్రాజు కటింగ్ ప్లేయరు తెచ్చాడు. మిగతాది మీరే ఊహించుకోండి.

ఆ పిల్లలకి గుజ్జులాంటి ముద్ద కలపాలి. పొడి, వేణ్ణీళ్ళు. సీతారత్నం పైపైన తేలినదాన్ని మణికట్టు మీద చుక్క వేసుకుని సరిపోయిందనుకుంది. అడుగున ఉన్నది కుతకుతలాడుతోంది. ఆ వేడంతా ముందు తగిలింది నాకు. కాలిపోతున్నానమ్మా, ఆగమ్మా అని ఎంత మొత్తుకున్నా చెంచా మాట ఎవరు వింటారు? మూడింటికి వరసగా పెట్టింది. నాలుగోదాని వంతు వచ్చేసరికి గిన్నె చల్లారింది. రెండు రోజుల్లో మూడు పిల్లలూ గొంతు కింద తిత్తి కాలి చచ్చిపోయాయి. ఆఖరిది మాత్రం బతికింది. దానికి బుల్లోడని పేరు పెట్టారు.

ఆవిడ వారం రోజులు సూది ముట్టుకోలేదు. "నా చేత్తో నేనే చంపుకున్నానండీ" అని గవర్రాజుతో అంది. "వీడికి పిల్లలు పుట్టాలి. నా చెయ్యి పడకుండా, తల్లీతండ్రీ పెంచిన పిల్లని ఒక్కదాన్ని చూడాలి. అప్పటిదాకా నాకు మనశ్శాంతి లేదు." ఆ వేడి మోసుకెళ్ళినదాన్ని నేను. నా సంగతి ఎవరూ అడగలేదు గానీ, నాకూ అదే కోరిక.

బుల్లోడు పెరిగాడు. ఒళ్ళంతా బూడిదరంగు, బుగ్గల మీద నారింజ చుక్కలు, నెత్తిన పసుపు పింఛం. సొంతంగా గింజలు తినడం వచ్చాక కూడా నన్ను వదల్లేదు. తోమడానికి నన్ను సింకులో వేస్తే చాలు, ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవాడు. వాడి ఏడుపు వినలేక సీతారత్నం ఒక తప్పు పని చేసింది. నా కాడకి బైండింగ్ వైరు చుట్టి, నన్ను తీసుకెళ్ళి వాడి పంజరంలోనే వేలాడగట్టింది.

ఇక నా బతుకు చెప్పుకుంటే సిగ్గుచేటు. వయసొచ్చిన దగ్గర్నించీ వాడు పొద్దున్నే నా ఎదురుగా నిలబడి ఈల పాట అందుకునేవాడు. రెక్కలు భుజాల దగ్గర ఎత్తి అటూ ఇటూ నడిచేవాడు. ముక్కుతో నన్ను టకటకా కొట్టేవాడు. చివరికి తల నాలుగుసార్లు ఊపి, తిన్న కొర్రలన్నీ కక్కి నా గుంటలో పెట్టేవాడు. పొద్దున ఒక విడత, సాయంత్రం ఒక విడత. సీతారత్నం మురిసిపోయి ఫోటోలు తీసేది. "ఎంత విశ్వాసమో చూడండి. నోట్లో ముద్ద కూడా దానికే పెడుతున్నాడు" అనేది. విశ్వాసం కాదు తల్లీ, వీడు నన్ను పెళ్ళాం అనుకుంటున్నాడు, నన్నిక్కణ్ణించి తీసెయ్యి అని నేను వైరు మీద ఊగి ఊగి చెప్పాను. గాలికి ఊగుతోందనుకుంది.

ఆడపిట్టని తెచ్చారు. పేరు మాణిక్యం. నెమ్మదైన పిట్ట. వాడి పక్కన చేరి తల వంచి, మెడ నిమరమని అడిగేది. వాడు దాన్ని తోసేసి నా దగ్గరికొచ్చి పాట మొదలుపెట్టేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. అటు చూడరా, అక్కడ ప్రాణమున్న పిట్ట కూర్చుంది, నేను రేకు ముక్కనిరా అని ఎన్నిసార్లు తిట్టుకున్నానో.

మాణిక్యం తనంతట తాను గుడ్లు పెట్టింది. గూటిపెట్టెలో ఓపిగ్గా పొదిగింది. సీతారత్నం ఫోను టార్చి వెలుగులో గుడ్లు పట్టుకు చూస్తే, లోపల ఏమీ లేదు. ఇలా ఒకసారి కాదు, మూడుసార్లు అయింది. ఆవిడ చెయ్యని ప్రయత్నం లేదు. సున్నం కోసం ముక్కుతో గీరుకునే సముద్రపు నురుగు బిళ్ళ కట్టింది, ఉడికిన గుడ్డు పెంకుతో సహా చిదిమి పెట్టింది, పంజరాన్ని తూర్పుకి తిప్పింది. దిష్టి తగిలిందని ఎవరో అంటే నిమ్మకాయా మిరపకాయలూ తెచ్చి సరిగ్గా నా పక్కనే కట్టింది. ఇంత దూరం వచ్చిన చెయ్యి ఇంకో రెండంగుళాలు జరిగి నన్ను విప్పదేం? ఆఖరికి తప్పు మాణిక్యం మీదకి నెట్టింది. "ఈ ఆడపిట్టలోనే ఏదో లోపముందండీ. ఇచ్చేసి ఇంకోదాన్ని తెచ్చుకుందాం" అంది. మనుషుల్లో ఈ అలవాటు పిట్టల దాకా పాకిందని నాకప్పుడే తెలిసింది.

ఆ నెలలోనే గవర్రాజు డిపోలో బస్సుల కింద పనిచేసే గుంటలోకి జారి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. కాలికి కట్టు వేసుకుని బాల్కనీలో కుర్చీలో పడ్డాడు. పిట్టల జోలికి ఎప్పుడూ రాని మనిషి, వేరే పని లేక మూడు రోజులు పంజరం కేసి చూస్తూ కూర్చున్నాడు. ఇంజను విప్పేముందు బండి చప్పుడు వినే అలవాటు ఆయనది. నాలుగో రోజు కాఫీ తెచ్చిన పెళ్ళాంతో అన్నాడు.

"మాణిక్యంలో ఏ లోపమూ లేదే. మీవాడికి ఎప్పుడో పెళ్ళయిపోయింది."

"ఎవరితోనండీ?"

"ఆ స్పూనుతో."

సీతారత్నం నవ్వబోయింది. పంజరంలో బుల్లోడు నాకు కొర్రలు కక్కిపెడుతున్నాడు, మాణిక్యం చివర కూర్చుని చూస్తోంది. ఆవిడ నవ్వు ఆగిపోయింది. "ఇన్నాళ్ళూ నేనేనా అడ్డం పెట్టింది" అంటూ నేల మీద కూర్చుండిపోయింది.

నన్ను విప్పి గరిటెల డబ్బాలో వేశారు. బుల్లోడు మూడు రోజులు తిండి మానేసి అరిచాడు. నాలుగో రోజు ఆవిడ మనసు కరిగి, "ఒక్కసారి చూపించి తీసేస్తానండీ" అంటూ నన్ను పట్టుకుని బయల్దేరింది. ఇన్ని చేసి మళ్ళీ మొదటికా అని నేను తల బాదుకున్నంత పని చేశాను. గవర్రాజు కర్ర పట్టుకుని లేచి, ఆవిడ చేతిలోంచి నన్ను లాక్కుని బియ్యం డబ్బా అడుగున కుక్కేశాడు. ఆ మనిషికి నేను జన్మజన్మలకీ రుణపడి ఉంటాను.

బియ్యం కింద రెండు నెలలున్నాను. పైనుంచి మాటలు లీలగా వినబడేవి. అరుపులు తగ్గాయి. తర్వాత ఈల పాట వినబడింది, నాకు కాదు. ఒకరోజు సీతారత్నం "గుడ్డులో ఎర్రగా నరాలు కనబడుతున్నాయండీ" అంది. నాలుగు గుడ్లలో ఒకటి పిల్లయింది.

పదో రోజున మళ్ళీ గండం. మాణిక్యం పిల్లకి పెట్టడం మానేసి గూటిపెట్టెలోంచి బయటికొచ్చేసింది. బుల్లోడు పిల్ల పక్కనే కూర్చుంటాడు గానీ నోట్లో పెట్టడు. వాడికి తెలిసిన నోరు ఒక్కటే, నాది. మధ్యాహ్నానికి పిల్ల తిత్తి ఖాళీ అయిపోయింది. సీతారత్నం బియ్యంలో చెయ్యి పెట్టి నన్ను బయటికి లాగింది.

"ఇంకేం చూస్తావే, నువ్వే పెట్టెయ్యి. చచ్చిపోతుంది" అన్నాడు గవర్రాజు.

"పెడితే రేపు ఇదీ ఇంకో స్పూను వెనకే పడుతుందండీ" అంది ఆవిడ. అయినా ముద్ద కలిపింది. ఈసారి అడుగుదాకా తిప్పి తిప్పి చల్లార్చింది. ఆ గిన్నె పక్కన పెట్టుకుని, ఖాళీగా ఉన్న నన్ను పట్టుకుని గూటిపెట్టె తలుపు తీసింది.

బుల్లోడు నన్ను చూశాడు. పింఛం లేచింది. పిల్లని తొక్కుకుంటూ వచ్చి తల ఊపడం మొదలెట్టాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. కానీ సీతారత్నం ఆ ఊపు కేసే చూస్తోంది. నన్ను మెల్లిగా దించి పిల్ల తల పక్కన ఆనించింది. వాడు కొర్రలు పైకి తెచ్చి వంగాడు. సరిగ్గా అప్పుడు ఆవిడ నన్ను ఒక్క అంగుళం వెనక్కి లాగింది. నేనున్నచోట పిల్ల తెరిచిన నోరుంది.

వాడు ఆగలేకపోయాడు. ముద్ద పిల్ల నోట్లో పడింది. ఆవిడ నన్ను మళ్ళీ పెట్టింది, మళ్ళీ లాగింది. సాయంత్రానికి నా కాడ కనబడితే చాలింది. మర్నాటికి నా అవసరమే లేకపోయింది. కలిపిన ముద్ద అలాగే గడ్డకట్టింది. ఆవిడ గిన్నె కడుగుతూ చాలాసేపు ఏడ్చింది.

ఇప్పుడు నేను వంటింట్లో పోపులడబ్బా పక్కన ఉంటున్నాను. నాతో పంచదార తీస్తే సగం కిందే పోతుంది, పెరుగు వేస్తే రెండు వైపులా కారుతుంది. పారేయడానికి మాత్రం ఆవిడకి చేతులు రావు. నిన్న తోముతుంటే చెయ్యిజారి గచ్చు మీద పడ్డాను. ఇల్లంతా ఖంగుమంది. బాల్కనీలో మాణిక్యం ఉలిక్కిపడి చూసింది, పిల్ల కూడా చూసింది. బుల్లోడు పిల్లకి పెడుతున్నాడు, తల తిప్పలేదు. నాలుగేళ్ళు నేను గొంతు చించుకున్నది దీనికోసమే. మరి ఒక్కసారి ఇటు చూస్తే వాడి సొమ్మేం పోయింది?