మధ్య మొహం

ఆ ఇంట్లో ‘పరవాలేదు’ అన్నది చిన్న మాట కాదు. మొదటి కాఫీ షాపు పెట్టిన అత్తగారు, పెద్దకోడలు కలిపిన కాఫీ మొదటిసారి తాగి, కప్పు కింద పెట్టి, కాసేపు గోడకేసి చూసి ‘పరవాలేదు’ అంది. కొత్తకోడలు గదిలోకి పోయి ముక్కు ఎర్రబడేదాకా ఏడ్చింది. భర్త నెమ్మదిగా పక్కన కూర్చుని, అమ్మ తన సొంత పెళ్లి గురించి కూడా ఇంతవరకు అంత మాట అనలేదని చెప్పాడు. తనకి కిరీటం పెట్టారని అప్పటికిగాని ఆవిడకి తెలియలేదు.

అదంతా పాత మాట. ఇప్పుడు అత్తగారు ఇంట్లో కూర్చుని టీవీలో వంట చేసేవాళ్లకి వంకలు పెడుతోంది. భర్త షెడ్డులో కాఫీ గింజలు వేయిస్తూ, ఎవరితోనూ మాట్లాడక్కర్లేని ఆ ఉద్యోగంలో హాయిగా ఉన్నాడు. ఒక్క షాపు పిల్లల్ని పెట్టి ఊరంతా పాకింది. అన్నిటినీ నడిపేది మేనేజ్‌మెంటు చదివిన మరిది. పెద్దకోడలికి మాత్రం ఆ మొదటి షాపు చాలు. గీతలు పడ్డ చెక్కబల్లలు, ఒక కాలు ఆనని కుర్చీలు, పాలు కాచినప్పుడల్లా రైలు కూతపెట్టే పాత మిషను, అన్నీ ఆవిడ చెప్పినట్టు వింటాయి. వచ్చేవాళ్లు కూడా ఇంచుమించు అంతే.

ఈ సుఖం మధ్యకి మరిది ఒక పెట్టె తెచ్చాడు. ప్రతి షాపులోనూ తలుపు పక్కన ఒకటి బిగించారు. దానిమీద మూడు మొహాలు: ఒకటి నవ్వుతూ, ఒకటి మూతి ముడుచుకుని, మధ్యలోది ఎటూ తేల్చకుండా. కాఫీ తాగి వెళ్లేవాళ్లు తమకి తోచిన మొహాన్ని నొక్కిపోవాలి. నెల తిరిగేసరికి మిగతా షాపుల్లో నవ్వే మొహాలు విరగకాశాయి. ఆవిడ షాపులో మాత్రం మధ్యమొహం అరిగి నున్నగా తయారైంది. నవ్వే మొహం మీద పెట్టినప్పటి ప్లాస్టిక్ కాగితం కూడా ఊడలేదు.

ఆదివారం భోజనాల దగ్గర మరిది తన ఆలోచన బయటపెట్టాడు. మొదటి షాపులో కుర్చీలు బల్లలు తీసేసి, వీధివైపు గోడకి ఒక కిటికీ పెడతారట. కాఫీ పుచ్చుకున్నవాళ్లు పుచ్చుకున్నట్టు వెళ్లిపోతారు. వదినకి హెడ్డాఫీసులో ఏసీ గది, కొత్తవాళ్లకి పని నేర్పే ఉద్యోగం. చూడబోతే గౌరవమే. అత్తగారు కంచంలోంచి తలెత్తకుండా, ఏసీలో కూర్చుంటే దీనికి జలుబు చేస్తుందంది. భర్త గ్లాసెడు మంచినీళ్లు గటగటా తాగాడు. ఆయన లెక్కలో అది గట్టి అభ్యంతరం.

పెద్దకోడలు వడ్డిస్తున్న గరిటె గిన్నెలోనే వదిలేసింది. గదిలో కూర్చుంటే ఎవరికి కాఫీ ఇవ్వాలి, ఎవరి మీద కసురుకోవాలి? ఆవిడ మొహం చూసి మరిది కాస్త తగ్గి, ఈ వారంలో ఒకరోజు తనే వచ్చి షాపులో కూర్చుంటానని, చూశాకే తేలుస్తానని మాటిచ్చాడు.

అతను వచ్చే రోజు పొద్దున్నే షట్టరు ఎత్తి, ఎవరూ లేకుండా చూసి, ఆవిడ నవ్వే మొహం నొక్కింది. వెంటనే ఒళ్లంతా సిగ్గేసింది. తన పెళ్లిలో తనే అక్షింతలు వేసుకున్నట్టుంది. పైగా నిన్నటి బన్నులు ఎండిపోయిన సంగతి గుర్తొచ్చింది. న్యాయంగా ఉండాలని మూతి ముడుచుకున్నదాన్ని కూడా ఒకసారి నొక్కి, మిషను వేడెక్కించడానికి వెళ్లిపోయింది.

మరిది వచ్చి మూల బల్ల దగ్గర ల్యాప్‌టాప్ తెరిచాడు. ఆఫీసులకి పోయే వేళ. ఆవిడ ఎప్పటిలాగే ఒక్కొక్కరినీ పలకరిస్తూ, ఒకాయన మోకాలు గురించి విచారిస్తూ, పాల జగ్గు ఆవిరి గొట్టం కింద నింపాదిగా తిప్పుతోంది. వరస వీధిలోకి సాగింది. చివర్లో ఉన్నవాళ్లు చేతి గడియారాలు చూసుకుని జారుకున్నారు. కౌంటరు వెనకనించి ఆవిడకి అది కనిపించదు. మరిదికి కనిపించింది.

సందడి తగ్గాక లెక్కల మాస్టారు వచ్చారు. రిటైరయ్యేదాకా ఏ పిల్లాడికీ నూటికి నూరు వెయ్యని మనిషి. రోజూ తలుపు పక్క కుర్చీలోనే కూర్చుంటారు. ఒక గుక్క తాగి, పాలు ఎక్కువయ్యాయన్నారు. మీ నోటికి నిన్న తక్కువయ్యాయి, ఇవాళ ఎక్కువయ్యాయి, రేపు గేదెనే అడగండి అందావిడ. ఆయన తృప్తిగా పేపరు విప్పారు. రెండో కప్పు అడిగితే, రాత్రి కడుపులో మంటన్నది ఎవరని కసిరి, బదులుగా వేడినీళ్లు ఇచ్చింది. మూల బల్ల దగ్గర మరిది ల్యాప్‌టాప్ వెనక్కి వంగిపోయాడు. కస్టమరుకి కాఫీ ఇవ్వననడం అతని చదువులో ఎక్కడా లేదు.

మాస్టారు వెళ్తూ వెళ్తూ పెట్టె దగ్గర ఆగి, మధ్యమొహం నొక్కారు. మరిది ఒక్క ఉదుటున లేచాడు.

“మాస్టారూ, ఏం తక్కువైందండీ మీకిక్కడ?”

“తక్కువేమిటయ్యా? రోజూ రావడంలేదూ?”

“మరి నవ్వేది నొక్కొచ్చు కదండీ.”

మాస్టారు అతన్ని ఎగాదిగా చూశారు. “నవ్వేది పరాయివాళ్లకి నొక్కుతారు. ఇంట్లోవాళ్లని ఎవడైనా పొగుడుతాడా? మీ ఇంట్లో పొగుడుతారా?”

మరిది పెట్టె పక్కన గోడకి చేరగిలబడ్డాడు.

ఇదంతా వింటున్న పక్కకొట్టు టైలరమ్మ, తన కప్పు పట్టుకుని మాటలో దూరింది. ఆవిడ ఒకసారి స్టేషను దగ్గర షాపులో నవ్వే మొహం నొక్కిందట. కౌంటరు పిల్ల తలుపు దాకా వచ్చి, తన వేలివైపే చూస్తూ పళ్లికిలించి నిలబడితే జాలేసిందట.

“మళ్లీ వెళ్లావా అక్కడికి?” అనడిగాడు మరిది.

“ఎందుకు బాబూ? కాఫీ తాగాలంటే ఇక్కడికొస్తాగా” అని టైలరమ్మ తనూ మధ్యమొహం నొక్కి, టేపు మెడలో సర్దుకుంటూ వెళ్లిపోయింది.

మరిది నున్నబడ్డ మధ్యమొహాన్ని వేలితో తడిమి చూశాడు. అమ్మ నోట ‘పరవాలేదు’ అనిపించుకోవడానికి చిన్నప్పుడు తను పరీక్షలకి ఎంత తెగించి చదివాడో గుర్తొచ్చిందేమో, వచ్చి కౌంటరు దగ్గర స్టూలు లాక్కున్నాడు.

“కుర్చీలు ఉంటాయిలే వదినా. నువ్వూ ఉంటావు. ఇకనించి ఏ మొహం నొక్కారని కాదు, మళ్లీ వచ్చారా లేదా అని చూస్తా.”

ఆవిడ గుడ్డతో కౌంటరు తుడుస్తూనే ఉంది. తుడిచినచోటే మళ్లీ తుడిచింది.

“కానీ కిటికీ పెడతా. కాదనకు. పొద్దున్న నువ్వు ఆయన మోకాలు సంగతి తేల్చేలోపు సగం వరస చెదిరిపోయింది. అలా వెళ్లిపోయినవాళ్లు ఏ మొహమూ నొక్కరు.”

ఆవిడ ఎదురుచెప్పబోయి ఆగింది. వీధిలోంచి ఎవరు వెనక్కి పోతున్నారో తను ఏనాడూ తల తిప్పి చూడలేదు. ఆ మాట నిజమే. కిటికీ దగ్గరికి ఇంకో మిషను, చెయ్యి తిరిగిన ఇంకో మనిషి కావాలంది. అది ఒప్పుకోవడమేనని ఇద్దరికీ అర్థమైంది. మోకాళ్ల విచారణ మాత్రం లోపల కూర్చున్నవాళ్లకే అని మరిది షరతు పెట్టాడు.

తర్వాత ఆవిడ అతనికి మంచి కాఫీ చేసిచ్చింది. గ్రైండరుని ఒక గీత సన్నానికి తిప్పి, కప్పు వేడినీళ్లతో వెచ్చచేసి, నురగ పలచగా. అతను కళ్లు మూసుకుని తాగాడు. బ్యాగు సర్దుకుని, తలుపు దగ్గర ఆగి, ప్లాస్టిక్ కాగితం ఒలిచి నవ్వే మొహం నొక్కి, మెట్లు దిగిపోయాడు.

పెద్దకోడలు గబగబా కౌంటరు దాటి వచ్చింది. అతను తాగిన కప్పు ఎత్తి వాసన చూసింది. పాల జగ్గు చూసింది. అప్పటికీ మనసు ఊరుకోక వీధిలోకి పరిగెత్తింది.

“ఏమయ్యా, నిజం చెప్పు. ఏం తేడా వచ్చింది కాఫీకి?”

మరిది నడివీధిలో నిలబడి పగలబడి నవ్వాడు. తర్వాత బుద్ధిగా వెనక్కి నడిచివచ్చి, ఆవిడ చూస్తుండగా మధ్యమొహం నొక్కాడు. అప్పుడుగాని ఆవిడ కుదుటపడి లోపలికి వెళ్లలేదు.