ముఖంలో కనబడితే గండం

మాచర్ల స్టేషన్లో పార్సిల్ గుమాస్తా రాజారత్నం మనిషి మంచివాడే కానీ, నలుగురు చేరితే నోటికి అదుపుండదు. ఆయన భార్య మణెమ్మ ఆడపిల్లల బడిలో తెలుగు పంతులమ్మ. వారపత్రికలో గళ్ల నుడికట్టు ఇద్దరూ కలిసే పూరించేవారు. పాత మాటలు ఆమెవి, కొంటె మెలికలు ఆయనవి.

ఆదివారం ప్రార్థన అయ్యాక చుట్టాలు భోజనానికొచ్చారు. "తాగితే బతుకు, తాగితే చావు" అన్న నుడికట్టు ఆధారానికి వాళ్ల ముందే ఆయన 'కల్లు' అన్నాడు.

"విషమండీ. కావ్యాల్లో దానికి నీళ్లని కూడా అర్థముంది," అంది మణెమ్మ.

"ఓహో! రోజూ పులుసులో నువ్వు పోసేది అదా?"

చుట్టాలు పగలబడి నవ్వారు. ఆ పూటనుంచి మణెమ్మ అన్నం పెడుతోంది, చొక్కా ఇస్త్రీ చేస్తోంది, పలుకు మాత్రం లేదు. ఆమె మాట వినబడని ఇంట్లో రాజారత్నానికి ముద్ద దిగడం లేదు.

గురువారం కొత్త సంచిక రైల్లో దిగింది. జవాబు చూస్తే విషమే!

"నీదే రైటు మణీ. నాదే తప్పు," అన్నాడు గుమ్మంలోనే. ఆమె చేటలో బియ్యం ఏరుతూ తలెత్తలేదు.

ఇక చేసేది లేక పెన్సిలు పట్టుకుని కొత్త ఆధారం పైకి చదివాడు. "ముఖం మీద వేలాడితే అందం, ముఖంలో కనబడితే గండం. మూడక్షరాలు. నడిమిది ల." పెన్సిలుతో చెవి గోక్కుని, "ఆఁ, జలగ!" అంటూ రాసేశాడు.

చేట ఠక్కున కింద పడింది.

"జలగేందండీ? ముఖాన జలగ వేలాడితే అందమా? చానా బాగుంది! అలక! అలకలంటే ముంగురులు!"

రాజారత్నానికి ప్రాణం లేచొచ్చింది.

అంతలోనే ఆమెకు అనుమానమొచ్చింది. "మీకు తెలిసే జలగ రాశారు కదూ?"

"ముంగురుల సంగతి నిజంగా తెలవదే. రెండో అర్థమే తెలుసు. ఆ మాట నోటితో అంటే ఇంకా ముదురుద్దని భయమేసింది."

"అదొక్కటీ ఎట్టా తెలిసింది?"

"ఆదివారం నుంచీ దాంతోనేగా కాపురం చేస్తన్నా!"

మణెమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.