ఖాళీగా వదిలిన వేరియబుల్

పెద్దకోడలు ఏళ్ళ తరబడి ఒంటిచేత్తో నిలబెట్టుకొచ్చిన ప్రోగ్రాం అది. కంప్యూటర్లో ఏ సాఫ్ట్‌వేర్ కావాలన్నా వెతికి, దించి, అమర్చి, ఆఖర్న దించిన ఫైళ్ళను చెత్తలా ఊడ్చేసే ప్యాకేజీ మేనేజర్. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, కోడ్ తెరిచి చూడొచ్చు, మార్పులు రాసి పంపొచ్చు. వాటిని చేర్చాలా వద్దా అన్నది మాత్రం ఆమె చేతిలో ఉండేది. జీతం లేని పనే. అయినా ఎక్కడెక్కడి వాళ్ళో ఆమె మాట కోసం కాచుకునేవారు. ఇంట్లో ఏ యంత్రం మొరాయించినా మామగారు "పెద్దమ్మాయిని పిలవండి" అనేవారు.

మరిది పెళ్ళయ్యాక ఆ పిలుపు పలచబడింది. చిన్నకోడలిదీ అదే చదువు, అదే పని. వచ్చిన కొత్తలోనే మామగారి ల్యాప్‌టాప్‌ను కబుర్లు చెబుతూ దారిలో పెట్టింది. "చిన్నమ్మాయి చెయ్యి పడితే చాలు, మాట వింటుంది" అన్నారాయన భోజనాల దగ్గర. పెద్దకోడలు పెరుగు వేసుకోకుండానే లేచిపోయింది.

ఒక ఉదయం చిన్నకోడలి పేరుతో ఒక మార్పు వచ్చింది. ప్రోగ్రాంకు రెండు కొత్త కాన్ఫిగరేషన్ వేరియబుల్స్. దించిన ఫైళ్ళు ఏ ఫోల్డర్లో పెట్టాలో ఒక దానిలో, ఏ సర్వర్ నుంచి దించాలో రెండోదానిలో వాడేవాళ్ళే రాసుకోవచ్చు. అప్పటిదాకా ఆ రెండూ కోడ్‌లోనే బిగించి ఉండేవి. చిన్న డిస్కులున్న వాళ్ళు చోటు చాలక ఎన్నాళ్ళుగానో మొత్తుకుంటున్నా, పెద్దకోడలు చూద్దాం చూద్దాం అంటూ దాటేస్తూ వచ్చింది. ఇప్పుడు కోడ్ అంతా రెండుసార్లు చదివింది. వంక పెట్టడానికి చోటు లేకపోవడమే ఆమెకు పెద్ద వంకగా తోచింది.

అందరూ చూసే ప్రోగ్రాం పేజీలో, ఆ మార్పు కింద, వేరియబుల్ పేరు మార్చమని రాసింది. వివరణ పెంచమంది. పెంచాక తగ్గించమంది.

వంటింట్లో చిన్నకోడలు మెల్లగా అడిగింది. "అక్కా, నేను మొదట పెట్టిన పేరే ఇప్పుడు పెట్టమంటున్నావు."

"అక్కడి సంగతి అక్కడే రాయి. పొయ్యి దగ్గర ఎందుకు?" అంది పెద్దకోడలు, తల తిప్పకుండా.

ఆ మార్పు కింద, ప్రోగ్రాంకు ఏళ్ళుగా సాయపడుతున్న ఒక పాత వలంటీరు, ఇంత శుభ్రమైన కోడ్ చూసి ఎన్నాళ్ళయిందోనని రాశాడు. ఇన్నేళ్ళలో పెద్దకోడలి కోడ్ గురించి అతను అలా ఒక్క ముక్క రాయలేదు. ఆ మార్పు ప్రోగ్రాం తీరుకు సరిపడదని ఆమె తిప్పికొట్టి, ఆ మధ్యాహ్నమే అవే రెండు వేరియబుల్స్ తన పేరుతో రాసుకుంది. వేరియబుల్ ఖాళీగా ఉంటే పాత ఫోల్డరే వాడమని చెప్పే నాలుగు వరుసలు చిన్నకోడలి కోడ్‌లో ఉన్నాయి. పోలిక పట్టుబడుతుందని వాటిని తన కోడ్‌లో పెట్టకుండా వదిలేసింది.

"నాది సరిపడలేదు, నీది సరిపడిందా అక్కా?" అని చిన్నకోడలు ఉతికిన బట్టలు మడతపెడుతూ అడిగింది.

"పద్ధతి వేరు."

చిన్నకోడలు మిగిలిన బట్టలు అలాగే వదిలేసి తన గదిలోకి వెళ్ళిపోయింది.

కొత్త వెర్షన్ ఏదైనా ఎప్పుడూ మొదట మామగారి ల్యాప్‌టాప్‌లోకే వచ్చేది. రిటైరయ్యాక ఆయన పొద్దున్నే బాల్కనీలో కూర్చుని పిట్టల కూతలు రికార్డు చేసేవారు. వాటిని సరిచేసే సాఫ్ట్‌వేర్ ఒకటి దించుకోబోయారు. సెట్టింగుల్లో, దించినవి ఎక్కడ పెట్టాలో అడిగే కొత్త వరుస కనిపించింది. ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలేశారు. పాత ఫోల్డర్ వాడమనే వరుసలు లేకపోయేసరికి, ప్రోగ్రాం ఆయన కూతలు దాచుకున్న సొంత ఫోల్డర్నే దించిన ఫైళ్ళ ఫోల్డర్ అనుకుంది. పని ముగించి, చెత్త అనుకుని దాన్ని తుడిచిపెట్టింది.

"అమ్మా, నా పిట్టలు కనిపించడం లేదు" అంటూ మామగారు హాల్లోకి వచ్చారు.

పెద్దకోడలికి చూడకముందే అర్థమైంది. పరుగున వెళ్ళి ఆ వెర్షన్‌ను ఇంకెవరూ దించుకోకుండా వెనక్కి తీసుకుంది. తిరిగి వచ్చేసరికి చిన్నకోడలు, చెరిగిన ఫైళ్ళను రాబట్టడానికి, ల్యాప్‌టాప్ ఆపేసి డిస్కు విప్పుతోంది.

"ఎవరి పొరపాటమ్మా ఇది?" అన్నారు మామగారు.

చిన్నకోడలు ఎవరి పేరూ చెప్పకుండా మరలు తీస్తూనే ఉంది. ఆ మంచితనం కూడా ఆమెకే దక్కుతోందన్న ఉక్రోషం ఆ క్షణంలోనూ పెద్దకోడలిని గుచ్చింది. అదే ఆమె నోరు తెరిపించింది.

"నాదే మావయ్యా. పొరపాటు కూడా కాదు. తను రాసింది తిప్పికొట్టి నా పేరుతో రాసుకున్నాను. ఇలా జరక్కుండా తను పెట్టిన అడ్డు తీసేశాను."

"ఎందుకు?"

"మీరు తనని మెచ్చుకుంటుంటే ఓర్వలేకపోయాను."

ఆయన విప్పిన ల్యాప్‌టాప్ పక్కనే కూర్చున్నారు. "మధ్యలో నా పిట్టలేం చేశాయమ్మా?" అన్నారు.

అప్పుడు మాట్లాడింది చిన్నకోడలు. "ఇంట్లో చెప్పి ఊరుకుంటే చాలదక్కా. తిప్పికొట్టింది అందరి ముందు కదా. ఇదీ అక్కడే రాయి."

పెద్దకోడలు రాసింది. మూడు నాలుగుసార్లు మెత్తగా రాసి చెరిపి, చివరికి జరిగింది జరిగినట్టే పెట్టింది. చిన్నకోడలి మార్పును అక్షరం మార్చకుండా ఆమె పేరుతోనే చేర్చింది. కూతల్లో చాలావరకు తిరిగొచ్చాయి. కొన్ని ఎంత వెతికినా రాలేదు. మామగారు పెద్దకోడలిని ఏమీ అనలేదు గానీ, కొన్నాళ్ళు ల్యాప్‌టాప్ ఆమె చేతికి ఇవ్వలేదు.

తోడికోడళ్ళిద్దరూ మళ్ళీ మాట కలపడానికి చాలాకాలమే పట్టింది. వలంటీర్లంతా అడిగితే, మార్పులు చేర్చే అధికారం చిన్నకోడలికీ ఇవ్వక తప్పలేదు. అది ఇచ్చిన సాయంత్రం పెద్దకోడలు తలనొప్పి అని పడుకుంది. తలనొప్పి కాదని ఇంటిల్లిపాదికీ తెలుసు.

అసూయ పోయిందా అంటే పోలేదు. చిన్నకోడలి మార్పు వచ్చినప్పుడల్లా లోపల చురుక్కుమంటూనే ఉంటుంది. అలాంటప్పుడు పెద్దకోడలు దాన్ని తెరవదు. "ఇది మీరు చూడండి" అని ఆ పాత వలంటీరుకు పంపేసి, లేచి మంచినీళ్ళు తాగుతుంది.